వీగన్ మాక్ అండ్ చీజ్ డబ్బా: చోడి అంబలి కాచినట్టు కాచండి

మాక్ అండ్ చీజ్ అంటే అమెరికాలో డబ్బాల్లో అమ్మే మాకరోనీ, చీజు సాసు; వీగన్ అంటే పాలతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ లేని రకం. డబ్బా మీద రాసినట్టే చేసినా వీగన్ మాక్ అండ్ చీజ్ మొదటిసారి సరిగ్గా రాదు. పైన నీళ్ళు తేలతాయి, అడుగున ఉండలు ఉంటాయి, నోట్లో పచ్చి పిండి రుచి తగులుతుంది. తిన్నవాళ్ళు "అమెరికావాళ్ళు దీన్నేనా ఎగబడి తినేది?" అని గిన్నె పక్కన పెట్టేస్తారు. చాలాసార్లు తప్పు డబ్బాది కాదు. అందులో చీజు ఉందనుకుని వండడం వల్ల వచ్చే తిప్పలివి.

మామూలు డబ్బా పొడిలో ఎండబెట్టిన చీజు ఉంటుంది. పాల కొవ్వు, పాల ప్రోటీను అందులోనే ఉన్నాయి కాబట్టి వేడి మాకరోనీ మీద చల్లి, కాస్త వెన్న, పాలు వేసి తిప్పితే పని గడిచిపోతుంది. వీగన్ పొడిలో అవేవీ లేవు. సాసును దగ్గరకు తెచ్చేది ఎక్కువగా పిండే: బియ్యప్పిండో, మొక్కజొన్న పిండో, కర్రపెండలం పిండో. పిండి చిక్కబడాలంటే ముందు నీళ్ళు పీల్చాలి, తర్వాత ఉడకాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చోడి (రాగి) అంబలి కాచిన ప్రతి చేతికీ ఈ సంగతి తెలుసు. పొడి పిండిని మరిగే ఎసట్లో గుమ్మరిస్తే ఉండ కడుతుంది, చన్నీళ్ళలో జారుగా కలిపి పోస్తే కట్టదు. ఈ డబ్బాకూ అదే పద్ధతి. మిగతావన్నీ చిన్న చిన్న జాగ్రత్తలు.

ముందు డబ్బా చదవండి

అట్టపెట్టె కదిపి చూడండి. గలగలమనే మాకరోనీతో పాటు లోపల చిన్న కాగితం పొట్లం జారుతున్నట్టు ఉంటే అది పొడి రకం. బరువుగా, మెత్తగా సంచీలాంటిది తగిలితే అది తడి సాసు రకం, అంటే పిండుకుని కలుపుకునేది. రెండింటి వంట వేరు. తడి రకాల్లో కొన్నింట్లో మాకరోనీ గోధుమది కాక బియ్యంతో చేసినదై ఉంటుంది. దాని సంగతి కింద వేరేగా రాశాం.

తేదీ చూడండి. అమెరికా నుంచి సూట్‌కేసులో వచ్చిన డబ్బా మీద నెల ముందు, రోజు తర్వాత ఉంటుంది. 03/04/26 అంటే ఏప్రిల్ 3 కాదు, మార్చి 4. ఇక్కడ ఏప్రిల్ అనుకుని అటక మీద పెట్టేస్తే నెల రోజులు దాటిపోయినట్టే. తేదీ దాటగానే విషమైపోదు గానీ పొడిలోని నూనె ముక్కిపోయి ఉండచ్చు. పొట్లం విప్పగానే పాత వేరుశనగ పప్పు వాసన వస్తే పారేయండి, వండి బాగుచేయలేరు.

ఇక పాల సంగతి. మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే అది శాకాహారం అని మాత్రమే. పాలు, నెయ్యి, వెన్న, చీజు అన్నీ ఆకుపచ్చ చుక్క కిందకే వస్తాయి. పాలు కూడా లేవని చెప్పే గుర్తు వేరు: ఆకుపచ్చ రంగు ఇంగ్లీషు 'వి' అక్షరం, దానికి చిన్న ఆకు. ఆహార భద్రత సంస్థ 2022లో వీగన్ ఆహారానికి విడిగా నియమాలు తెచ్చింది, ఈ గుర్తు వాటి ప్రకారం వేసేదే. సూట్‌కేసులో వచ్చిన డబ్బా మీద మన గుర్తులేవీ ఉండవు కాబట్టి పదార్థాల పట్టీ చదవక తప్పదు. మిల్క్, వే, కేసీన్, కేసినేట్, లాక్టోస్, బటర్ అన్న మాటల్లో ఏది కనబడినా అందులో పాలున్నట్టే. లాక్టిక్ యాసిడ్‌ను చూసి కంగారు పడకండి. పేరు పాలకు సంబంధించినట్టున్నా దాన్ని సాధారణంగా చక్కెరలను పులియబెట్టి తీస్తారు, వీగన్ డబ్బాల్లో పులుపు తరచూ దానిదే. క్రీమ్ ఆఫ్ టార్టర్‌లోనూ మీగడ లేదు, అది ద్రాక్షసారా తయారీలో మిగిలే ఉప్పు.

ఇంట్లో ఎవరికైనా పాలు పడకపోవడం కాక నిజంగా ఎలర్జీ ఉంటే పట్టీ అడుగున ఉండే 'మే కంటైన్ మిల్క్' వాక్యం కూడా చూడాలి. పాలు తగిలే యంత్రం మీదే ఇదీ తయారైందని దాని అర్థం. ఇష్టంతో పాలు మానేసినవారికి దానితో ఇబ్బంది లేదు, ఎలర్జీ ఉన్నవారికి మాత్రం ఆ డబ్బా వద్దు. జీడిపప్పు పడనివారు 'ట్రీ నట్స్' అన్న మాట కోసం వెతకాలి. కొన్ని వీగన్ సాసులకు ఆధారం జీడిపప్పే.

ఒక చిన్న పక్కమాట. ఈ డబ్బా పుట్టింది 1937లో. ఆర్థిక మాంద్యం రోజుల్లో నలుగురికి సరిపడా భోజనం 19 సెంట్లకే అని క్రాఫ్ట్ కంపెనీ అమ్మింది. పాలు లేని డబ్బాలు చిన్న కంపెనీలు ఎప్పటినుంచో చేస్తున్నా క్రాఫ్ట్ తన పేరుతో ఒకటి అమెరికాలో ప్రకటించింది 2023 చివర్లో. అంటే దీన్ని ఎలా వండాలో తడుముకుంటున్నది మనమొక్కరమే కాదు.

కొలతలు, సరుకులు

డబ్బా మీది 'కప్పు' 240 మిల్లీలీటర్లు. పెద్ద చెంచా 15, చిన్న చెంచా 5. మన ఇళ్ళల్లో స్టీలు గ్లాసులు ఒక్కోటి ఒక్కో సైజు కాబట్టి గ్లాసు లెక్క నమ్మకండి. నీళ్ళకు లీటరు సీసా వాడండి. చిన్న కొలతలకు దగ్గు మందుతో వచ్చే ప్లాస్టిక్ మూత చాలు, దాని మీద 5, 10 గీతలు ఉంటాయి. వేడినీళ్ళతో బాగా కడిగితే సరి.

ఒక చిన్న డబ్బా, అంటే సుమారు 170 గ్రాములది, పెద్దవాళ్ళు ఇద్దరికి సరిపోతుంది. దానికి కావలసినవి:

నీళ్ళు లీటరున్నర. ఉప్పు అర చిన్న చెంచా, అంతకు మించి వద్దు, పొడిలోనే బోలెడు ఉప్పు ఉంటుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో ఎసట్లో ఉప్పు అసలు వేయకండి.

నూనె ఒక పెద్ద చెంచా. డబ్బా మీద వీగన్ బటర్ అని ఉంటుంది, దాని కోసం విశాఖ పరిగెత్తనక్కర్లేదు. వాసన లేని పొద్దుతిరుగుడు నూనె చాలు. మన వైపు వంటింట్లో చేతికందే నువ్వుల నూనె ఇక్కడ పనికిరాదు. నూనె మంచిదే, కానీ దాని వాసన సాసును పూర్తిగా మింగేస్తుంది, తిన్నది పులిహోరకు తమ్ముడిలా ఉంటుంది. మార్జరిన్ వాడదలిస్తే పట్టీ చదవండి, కొన్నింట్లో పాల పదార్థం ఉంటుంది.

పాలకు బదులు 120 మిల్లీలీటర్లు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. కొట్లో దొరికే సోయా పాల ప్యాకెట్లలో చాలావాటికి చక్కెర, వనిల్లా, ఏలకులు కలిపి ఉంటాయి. అది పోస్తే మాకరోనీ పాయసం వస్తుంది. 'అన్‌స్వీటెన్డ్' అని ఉన్నదే కొనండి. దొరకకపోతే జీడిపాలు తీసుకోండి: 20 గ్రాముల జీడిపప్పు అరగంట వేడినీళ్ళలో నానబెట్టి, 120 మిల్లీలీటర్ల నీళ్ళతో మిక్సీలో మెత్తగా తిప్పితే అయిపోయింది, వడకట్టనక్కర్లేదు. మా లెక్కలో ప్యాకెట్ పాలన్నిటికన్నా ఇదే మేలు. కొబ్బరిపాలు ఉద్దానం వైపు సులువుగా దొరుకుతాయి గానీ సాసులో కొబ్బరి రుచే పైకి వస్తుంది. వాడితే రెండోసారి పిండిన పలచటి పాలు వాడండి.

టీలో కలిపే తెల్లపొడి మీద 'నాన్ డైరీ' అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. అలాంటి పొడుల్లో సోడియం కేసినేట్ ఉండడం మామూలు, అది పాల నుంచి తీసిందే.

మాకరోనీ ఉడకబెట్టడం

వెడల్పాటి గిన్నెలో లీటరున్నర నీళ్ళు తెర్లనివ్వండి. సన్నగా బుడగలు వస్తుండగా వేస్తే కుదరదు, బాగా కుతకుతలాడాలి. మాకరోనీ వేయగానే నీళ్ళు చల్లారి మరగడం ఆగుతుంది. మళ్ళీ మరగడం మొదలైనప్పటినుంచి నిమిషాలు లెక్కపెట్టండి. మొదటి నిమిషం గరిటెతో అడుగంటా కలపాలి, అంటుకునేది ఆ నిమిషంలోనే.

ఎసట్లో నూనె వేయకండి. అంటుకోకుండా ఉంటుందని చాలామంది వేస్తారు. అది మాకరోనీకి పైపూతలా పట్టి, తర్వాత సాసు నిలవకుండా జారిపోతుంది. కుక్కర్ కూడా వద్దు. పిండి నురుగు పొంగి వెయిట్ రంధ్రం పూడుకుపోతుంది, పైగా మధ్యలో తీసి చూసే వీలుండదు.

డబ్బా మీద 8 నిమిషాలు అని ఉంటే 6వ నిమిషం నుంచి ఒక్కొక్కటి తీసి గోటితో చీల్చి చూడండి. మధ్యలో తెల్లటి చుక్క స్పష్టంగా కనిపిస్తే ఇంకా ఉడకాలి. చుక్క సన్నటి గీతలా మిగిలి, కొరికితే కొంచెం పలుకు తగిలితే దించేయండి. పూర్తిగా మెత్తబడేదాకా ఆగకండి, సాసులో ఇంకో రెండు నిమిషాలు ఉడుకుతుంది కదా. ఇక్కడ మెత్తగా దించితే అక్కడ ముద్దే.

వార్చే ముందు ఒక గ్లాసు గంజి తీసి పక్కన పెట్టండి. ఇది మరిచిపోయేవాళ్ళు ఎక్కువ, అందుకని గ్లాసును ముందే పొయ్యి పక్కన ఉంచుకోండి. తర్వాత సిబ్బి మూసి అన్నం వార్చినట్టే వార్చండి, లేదంటే చిల్లుల గిన్నెలో వంచండి. గోధుమ మాకరోనీని చన్నీళ్ళతో కడగవద్దు. పైనున్న జిగురే సాసును పట్టుకునేది. శంఖు ఆకారంలో ఉండే రకమైతే ఒకదాన్లో ఒకటి దూరిపోతాయి, వాటిలో నీళ్ళు నిలుస్తాయి. చిల్లుల గిన్నెను రెండుసార్లు కుదిపి ఆ నీళ్ళు దులపండి.

బియ్యంతో చేసిన మాకరోనీకి నీళ్ళు రెండు లీటర్లు పెట్టండి. గోధుమకున్న సాగే బంధం దానికి లేదు, నిమిషం ఎక్కువైతే విరిగి నూకలవుతుంది, నిమిషం తక్కువైతే నడుమ సుద్దలా ఉంటుంది. దీన్ని మాత్రం వార్చాక గోరువెచ్చటి నీళ్ళతో ఒక్కసారి కడగండి. పైకి వచ్చిన జిగురు మరీ ఎక్కువ కాబట్టి వదిలేస్తే నిమిషాల్లో అట్టలా గడ్డకడుతుంది.

సాసు: అసలు పని

మాకరోనీ ఉడుకుతుండగానే ఈ పని మొదలుపెట్టండి.

1. పొడి పొట్లం చిన్న గిన్నెలోకి విప్పండి. వానాకాలంలో తేమకు గడ్డకట్టి ఉంటే చెంచా వెనక్కి తిప్పి నలపండి, లేదా టీ వడకట్టులో జల్లించండి.

2. గది వేడిలో ఉన్న జీడిపాలు లేదా సోయా పాలు 60 మిల్లీలీటర్లు, అంటే సగం, కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. ముందు గట్టి ముద్దలా చేసి, అది నున్నగా అయ్యాక మిగతాది పోసి జారుగా చేయాలి. ఒకేసారి అంతా పోస్తే ఉండలు తేలతాయి, వాటిని చెంచా తరమలేదు. ఇలా కలిపాక 5 నిమిషాలు వదిలేయండి. పిండి నీళ్ళు పీల్చేది అప్పుడే, పచ్చి పిండి రుచి తగ్గేదీ సగం ఇక్కడే.

3. మాకరోనీ వార్చిన గిన్నెలోనే నూనె, మిగిలిన 60 మిల్లీలీటర్ల పాలు, నాలుగు పెద్ద చెంచాల గంజి పోసి సన్న సెగ మీద పెట్టండి. అంచుల్లో చిన్న బుడగలు మొదలవగానే కలిపి ఉంచినది ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో తిప్పండి. అంబలికి తిప్పినట్టే, గరిటె అడుగు తాకుతూ ఉండాలి.

4. నిమిషం నుంచి రెండు నిమిషాల్లో చిక్కబడుతుంది. గరిటె వెనక వేలితో గీత గీస్తే గీత నిలవాలి, కానీ సాసు గరిటె నుంచి జారుతూ ఉండాలి. పోపు వేయని మజ్జిగ పులుసుకంటే కాస్త చిక్కన. అన్నంలో కలిసే పప్పంత గట్టిపడితే ఎక్కువైనట్టు, ఒక్కో చెంచా గంజి పోసి సడలించండి.

5. మాకరోనీ వేసి ఒక నిమిషం తిప్పి పొయ్యి కట్టేయండి. మూత పెట్టి మూడు నిమిషాలు ఆగండి. దించినప్పుడు కొద్దిగా పలచగా అనిపించాలి. ఆ మూడు నిమిషాల్లో మాకరోనీ తడి పీల్చుకుని సాసు పట్టుకుంటుంది. పొయ్యి మీదే సరిగ్గా ఉంటే కంచంలోకి వచ్చేసరికి గట్టిపడిపోతుంది.

సెగ ఎందుకు తగ్గించాలంటే, పొడిలో పులుపు ఉంది, సోయా పాలలో ప్రోటీను ఉంది. పులుపు, పెద్ద సెగ కలిస్తే సోయా పాలు విరిగి పనీర్ ముక్కల్లా తేలతాయి. పిండి కలిసి ఉన్నప్పుడు విరగడం తగ్గుతుంది, అందుకే పాలను విడిగా మరిగించి పొడి మీద పోయడం కంటే ఇలా కలిపి కాచడం మంచిది. జీడిపాలతో ఈ భయం చాలా తక్కువ.

తడి సాసు సంచీ ఉన్న డబ్బాకు ఇంత తతంగం లేదు. సంచీని విప్పకుండానే వేడినీళ్ళ గిన్నెలో 5 నిమిషాలు ఉంచండి. లోపల సాసు చల్లగా గడ్డకట్టి ఉంటుంది, వేడెక్కితే జారుతుంది. వార్చిన మాకరోనీలోకి సాసును పిండుకుని, రెండు చెంచాల గంజి వేసి సన్న సెగ మీద నిమిషం తిప్పితే చాలు. సంచీ మూలల్లో చాలా మిగులుతుంది. చపాతీ కర్రతో కింది నుంచి పైకి దొర్లించి పిండండి, లేకపోతే సాసు చాలలేదని అనుకుంటారు.

ఎక్కడ తప్పింది

ఉండలు కట్టాయి: పొడిని వేడి మాకరోనీ మీద చల్లేశారు. ఉండ పైపొర వేడికి ఉడికి జిగురైపోయింది, లోపలి పొడికి తడి చేరలేదు. మాకరోనీ ఏరి తీయలేరు కాబట్టి కొన్ని గంజి చెంచాలు పోసి, మూతపెట్టి రెండు నిమిషాలు సన్న సెగ మీద ఉంచి, పెద్ద ఉండల్ని గిన్నె అంచుకు నొక్కి నలపండి. పూర్తిగా పోవు, సగం పోతాయి.

సాసు నీళ్ళలా ఉంది: ఉడకలేదు, లేదా శంఖుల్లో నీళ్ళు మిగిలాయి. ఇంకో నిమిషం సెగ మీద పెట్టి చూడండి. అప్పటికీ చిక్కబడకపోతే ఒక చిన్న చెంచా మొక్కజొన్న పిండి రెండు చెంచాల చన్నీళ్ళలో కలిపి పోయండి. పొడి పిండి నేరుగా వేయకండి, మొదటి తప్పే మళ్ళీ చేసినట్టు.

జిగురుగా, తీగలా సాగుతోంది: ఎక్కువసేపు ఎక్కువ సెగ మీద తిప్పారు. కర్రపెండలం పిండి ఉన్న పొడుల్లో ఇది ఎక్కువ. గంజి కాకుండా మామూలు వేడినీళ్ళు రెండు చెంచాలు పోసి, ఇక తిప్పకుండా వదిలేయండి.

తియ్యగా ఉంది: చక్కెర వేసిన పాలు పోశారా అని మొదట చూడండి. కాదంటే పొడిదే కావచ్చు, కొన్ని పొడుల్లో రంగుకీ చిక్కదనానికీ గుమ్మడి, చిలగడదుంప పొడి వేస్తారు. నాలుగైదు నిమ్మచుక్కలు వేస్తే సర్దుకుంటుంది. నిమ్మ పొయ్యి కట్టాకే.

చప్పగా, పిండి రుచిగా ఉంది: దీనికి మందు మన వంటింట్లోనే ఉంది.

ఆవ పెట్టడం

చీజు సాసులో చిటికెడు ఆవపొడి వేయడం పడమటి దేశాల్లోనూ మామూలే. కానీ ఆవను ఎలా వాడాలో మన జిల్లాల వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. అరటికాయకూ పనసపొట్టుకూ ఆవ పెట్టే పద్ధతే ఇక్కడా: పావు చిన్న చెంచా ఆవపొడిని ఒక చెంచా చన్నీళ్ళలో కలిపి పది నిమిషాలు ఉంచి, పొయ్యి కట్టేశాక కలపండి. ఆవ ఘాటు గింజలో తయారుగా ఉండదు, నలిగి తడి తగిలాక పుడుతుంది. నేరుగా వేడి సాసులో పొడి వేస్తే ఘాటు పుట్టకుండానే చచ్చిపోయి చేదు మిగులుతుంది. మాకరోనీలో 'ఆవ పెట్టారు' అని ఎవరికీ తెలియకూడదు. ముక్కుకు తగిలితే ఎక్కువైనట్టు. తగలకుండా, చీజులో ఉండే ఆ చిన్న కరుకుదనం మాత్రం రావాలి.

వెల్లుల్లి రెబ్బ నూనెలో దోరగా వేయించి కలపచ్చు. మిరియాల పొడి బాగుంటుంది. కంచంలో వడ్డించాక పైన ఒక చుక్క ఆవకాయ నూనె వేయండి: అందులో నువ్వుల నూనె, ఆవ, కారం, ఉప్పు నాలుగూ ఉన్నాయి, నారింజ రంగు మీద ఎర్రగా మెరుస్తుంది. సాసులో వద్దన్న నువ్వుల నూనె పైన చుక్కగా ఎందుకు బాగుంటుందో తింటేనే తెలుస్తుంది. పసుపు, గరం మసాలా, టమాటా కెచప్ మాత్రం మొదటిసారి వద్దు. అవి వేస్తే డబ్బా రుచి బాగుందో లేదో తేల్చుకోలేరు, మసాలా మాకరోనీ ఎప్పుడైనా చేసుకోవచ్చు.

కరకరలాడేది కావాలంటే బ్రెడ్డు పొడి, రస్కు పొడి వేయమంటారు. మన బేకరీల బ్రెడ్డులో, రస్కులో పాలు కలిపే అవకాశం ఉంది. దానికన్నా గుప్పెడు పలచటి అటుకులు నూనెలో వేయించి చేత్తో నలిపి చల్లండి.

పలాస జీడిపప్పుతో ఇంటి పొడి

డబ్బా ఒకసారి తిన్నాక మళ్ళీ కావాలనిపిస్తే ఇంకో సూట్‌కేసు కోసం ఎదురుచూడనక్కర్లేదు. వీగన్ సాసుకు ప్రపంచమంతా వాడే జీడిపప్పు మన శ్రీకాకుళం జిల్లా సరుకే. పలాస, కాశీబుగ్గల్లో కొనేటప్పుడు గుండు పప్పుకు డబ్బు పోయకండి. డబ్ల్యూ 180, 240, 320 అన్న అంకెలు పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పేవి. అంకె చిన్నదైతే గింజ పెద్దది, ధరా పెద్దదే. మిక్సీలో వేసేదానికి బద్ద కూడా ఎక్కువే, ముక్క చాలు. కొనే ముందు ఒక ముక్క నమిలి చూడండి. పచ్చిదై, తియ్యగా, నూనె వాసన లేకుండా ఉండాలి. వేయించి ఉప్పు చల్లినది వద్దు.

తాజా సాసుకు, 200 గ్రాముల మాకరోనీకి: జీడి ముక్క 75 గ్రాములు, వేడినీళ్ళలో అరగంట నానినది. ఆవిరి మీద ఉడికించిన తీపి గుమ్మడి ముక్కలు 100 గ్రాములు, ఇవి రంగుకూ నునుపుకూ. న్యూట్రిషనల్ ఈస్టు రెండు పెద్ద చెంచాలు. వెల్లుల్లి ఒక చిన్న రెబ్బ, ఉప్పు ముప్పావు చిన్న చెంచా, నూనె ఒక పెద్ద చెంచా, మొక్కజొన్న పిండి ఒక చిన్న చెంచా, నీళ్ళు 250 మిల్లీలీటర్లు. ఇవన్నీ మిక్సీలో రెండు మూడు నిమిషాలు, మధ్యలో ఆపి గోడలు గీకుతూ తిప్పండి. రెండు వేళ్ళ మధ్య నలిపితే రవ్వ తగలకూడదు. సన్న సెగ మీద నాలుగు నిమిషాలు కాచి, పొయ్యి కట్టి, రెండు చిన్న చెంచాల నిమ్మరసం, పైన చెప్పిన ఆవ కలపండి. కాచేటప్పుడు చిక్కబడి బుడగ చిమ్ముతుంది, చేతికి తగలకుండా పొడుగు గరిటె వాడండి.

న్యూట్రిషనల్ ఈస్టు అంటే బేకరీ ఈస్టు కాదు. బ్రెడ్డుకు వేసేది ప్రాణమున్నది, పులియడానికి. దాన్ని సాసులో వేస్తే చేదు, కడుపుబ్బరం తప్ప చీజు రుచి రాదు. న్యూట్రిషనల్ ఈస్టు వేడితో ప్రాణం పోగొట్టి రేకుల్లా ఆరబెట్టినది, పసుపు రంగులో ఉంటుంది, చీజులో, ఎండబెట్టిన పుట్టగొడుగుల్లో ఉండేలాంటి కమ్మదనం దీనికీ ఉంటుంది. వీధి చివరి కిరాణా కొట్లో దాని కోసం తిరిగేకన్నా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే సులువు. పాలూ గుడ్లూ మానేసినవారు బి12 కలిపినది చూసి కొనండి, అన్నింట్లో ఉండదు.

నిల్వ పొడి చేయాలంటే గుమ్మడి, వెల్లుల్లి, నిమ్మరసం తడివి కాబట్టి పనికిరావు. 50 గ్రాముల జీడి ముక్కను అరగంట ఫ్రిజ్‌లో చల్లబరచి, 10 గ్రాముల మొక్కజొన్న పిండితో కలిపి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే మిక్సీ వేడికి పప్పులోని నూనె బయటికొచ్చి ముద్ద అవుతుంది. పొడి అయ్యాక మూడు పెద్ద చెంచాల ఈస్టు, ఒక చిన్న చెంచా ఉప్పు, అర చిన్న చెంచా వెల్లుల్లి పొడి, పావు చిన్న చెంచా నిమ్మ ఉప్పు, చిటికెడు పసుపు వేసి ఒక్కసారి తిప్పి జల్లించండి. ఇది 200 గ్రాముల మాకరోనీకి ఒక పొట్లం. వండేటప్పుడు 200 మిల్లీలీటర్ల చన్నీళ్ళలో కలిపి, ఐదు నిమిషాలు ఉంచి, సన్న సెగ మీద కాయాలి. మాకరోనీ, గంజి, చివర ఆవ సంగతులు పైన చెప్పినట్టే.

గాలి చొరని సీసాలో, ఫ్రిజ్‌లో పెట్టండి. మన తీరపు ఉక్కకు బయట పెడితే వారానికే గడ్డకట్టి, జీడి నూనె ముక్కుతుంది. సీసా మీద చేసిన తేదీ రాయండి, రోజు ముందు, నెల తర్వాత.

వండింది మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చి, మర్నాటికి తినేయండి. చల్లారాక రాయిలా గడ్డకడుతుంది, పాడైందని పారేయకండి. పిండి చల్లబడితే అంతే, చద్ది అన్నం బిరుసెక్కినట్టు. రెండు చెంచాల నీళ్ళు చిలకరించి, మూతపెట్టి సన్న సెగ మీద మూడు నిమిషాలు ఉంచి, మెల్లగా కలిపితే మళ్ళీ జారుతుంది. ఆవ ఘాటు మాత్రం తిరిగి రాదు, కావాలంటే ఇంకొంచెం కలిపి పెట్టుకోండి.